పాప్ తారను వీరుల వరుసలో నిలబెట్టవచ్చునా?

పాతపుస్తకం
2021 నవంబర్ 30న బార్బడోస్ బ్రిటన్ రాణిని దేశాధినేతగా గుర్తించడం మానుకుని గణతంత్రంగా మారింది. ఆ వేడుకలలోనే ప్రధాని మియా మోట్లీ 33 ఏళ్ళ పాప్ గాయని రిహానాను జాతీయ వీరురాలిగా ప్రకటించారు. ఆ దేశపు వీరుల జాబితాలో ఆమెది పదకొండవ పేరు. అంతకు ముందున్న పది పేర్లలో బుస్సా ఒకడు. 1816లో చెరకు తోటల బానిసలను కూడగట్టి తిరుగుబాటు నడిపి, ఆ పోరులోనే ప్రాణం విడిచిన మనిషి అతడు.

ఈ రెండు పేర్లు ఒకే వరుసలో కనిపించినప్పటి నుంచి ఆ సంగతి నాకు మింగుడుపడటం లేదు. రిహానా పాటల మీద నాకు ఫిర్యాదు లేదు, కొన్నింటిని ఇష్టంగానే వింటాను. అయితే బుస్సా చేసిన పనికి దక్కింది చావు, పాప్ తార చేసే పనికి దక్కేది డబ్బు, కీర్తి, లక్షల మంది కేరింతలు. ఇతరుల కోసం తనకున్నది పోగొట్టుకోవడానికి సిద్ధపడినవారినే మనం ఇంతకాలం వీరులని పిలుస్తూ వచ్చాం. ఇప్పుడు ప్రపంచమంతటా ఎందరో యువతీయువకులు ఒక పాప్ తారను ఇష్టమైన గాయనిగా మాత్రమే కాక, తమ బతుక్కి దారి చూపే వీరమూర్తిగా భావిస్తున్నారు. అది ఏ కొలమానంతో సమంజసమో ఇక్కడి సంగీతాభిమానులు చెప్పాలని కోరుతున్నాను.

గళ్ళచొక్కా
ఆ పది పేర్లలో గార్‌ఫీల్డ్ సోబర్స్ కూడా ఉన్నారన్న సంగతిని పాతపుస్తకం గారు దాటవేశారు. 1998లో ఆయనకు ఆ గౌరవం ఇచ్చేనాటికి ఆయన బతికే ఉన్నారు. 1958లో పాకిస్తాన్ మీద 365 పరుగులు చేసి అజేయంగా నిలవడంలో ప్రాణాపాయం ఏమీ లేదు గదా. బ్యాటు పట్టినవారికి ఇచ్చిన చోటును మైకు పట్టినవారికి ఎందుకు నిరాకరించాలి?

పాతపుస్తకం
సోబర్స్ పేరును కావాలనే పక్కన పెట్టాను, ఎందుకంటే అది వేరే వాదం. తమను పాలించినవారు నేర్పిన ఆటలో వారినే ఓడించడం ఆ దీవుల ప్రజలకు ఆత్మగౌరవ సమస్యగా ఉండేది. అయినా 1970లో ఆయన శ్వేతజాతి మైనారిటీ పాలనలోని రొడీషియాకు (నేటి జింబాబ్వే) వెళ్ళి ఒక పోటీలో ఆడినప్పుడు కరీబియన్ ప్రాంతమంతటా ఆగ్రహం పెల్లుబికి, చివరికి ఆయన క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. వీరుడిగా చూసుకునే మనిషి నుంచి జనం ఎంత ఆశిస్తారో ఆ ఉదంతం చెబుతుంది. పాప్ తార నుంచి అంత ఆశించేవారు ఎవరైనా ఉన్నారా?

స్వరలయ
మీరు చెప్పిన కొలమానం ఒక్కటే ఉన్నదని ఎందుకు అనుకోవాలి? ప్రాచీన గ్రీకులు వీరులుగా కొలిచినవారిలో త్యాగమూర్తులు తక్కువ. హెరాక్లీస్ ఉన్మాదంలో తన బిడ్డలనే చంపుకున్నాడు. అకిలీస్ తనకు జరిగిన అవమానానికి అలిగి గుడారంలో కూర్చుంటే, ఆ అలకకు తోటి సైనికులు ప్రాణాలతో మూల్యం చెల్లించారు. అయినా జనం వారి పేరిట గుడులు కట్టి బలులు ఇచ్చారు. మామూలు కొలతలను దాటిపోయిన ఒక మనిషి చుట్టూ సమాజం గుమిగూడి, ఆ మనిషి కథలో తన కథను చూసుకోవడమే అక్కడి వీరారాధన సారం.

ఆ దృష్టితో చూస్తే రిహానా విషయంలో నాకు వింత ఏమీ కనిపించదు. 3 లక్షల లోపు జనాభా ఉన్న దీవిలో ఒక సామాన్య కుటుంబంలో పుట్టి, పదహారేళ్ళకే పరదేశం చేరి, తన ఉచ్చారణను దాచుకోకుండానే ప్రపంచమంతా వినేలా పాడిన అమ్మాయి ఆమె. 2017లో ఆమె సౌందర్య సాధనాల సంస్థ 40 చాయలలో ముఖానికి పూసుకునే ఫౌండేషన్‌ను విడుదల చేసింది. అంతకు ముందు దుకాణంలో అద్దం ముందు నిలబడి, నా రంగుకు దగ్గరగా ఉన్నదేదో చూపించమని అడిగితే, ఉన్న మూడు నాలుగు సీసాలనే అటూ ఇటూ మార్చి చూపించేవారు. మన చర్మపు రంగు ప్రత్యేక సమస్య ఏమీ కాదని, అది వరుసలో ఒక సంఖ్య మాత్రమేనని ఒక పెద్ద సంస్థ ఒప్పుకోవడం ఎలా ఉంటుందో అనుభవించినవారికే తెలుస్తుంది. అది అమ్మకపు సరుకేనని నాకూ తెలుసు. అయినా ఆమె నా దృష్టిలో పెరిగింది.

ముక్కుసూటి
సరుకు అమ్మినవారిని వీరులని పిలవడం మొదలుపెడితే, అప్పు పెట్టే దుకాణదారుకు మనం విగ్రహమే కట్టించాలి.

అమెరికన్ చరిత్రకారుడు డేనియల్ బూర్‌స్టిన్ 1961లోనే ఈ తేడాను వివరించారు. వీరుడిని నిలబెట్టేది అతడు చేసిన పని, ప్రసిద్ధుడిని నిలబెట్టేది అతడి చుట్టూ అల్లిన బింబం అని ఆయన వాదన. స్వరలయ గారు తెచ్చిన అకిలీస్ ఉదాహరణనే తీసుకోండి. అక్కడ యుద్ధం ముందు జరిగింది, కవి తరువాత వచ్చాడు. పాప్ తార విషయంలో కవులు, బాణీకర్తలు, నృత్య దర్శకులు, ఫొటోగ్రాఫర్లు, ప్రచార నిపుణులు అందరూ ముందే కూర్చుని కథను సిద్ధం చేస్తారు, ఆ తరువాతనే మనిషి వేదిక మీదికి వస్తుంది. కష్టాలను జయించిన కథ కూడా ఆల్బమ్ విడుదల తేదీకి సరిగ్గా అందేలా తయారవుతుంది.

చిన్నగీత
అకిలీస్ అలిగి గుడారంలో కూర్చోవడానికీ, పాప్ తార అలిగి కార్యక్రమాన్ని ఆలస్యంగా మొదలుపెట్టడానికీ తేడా ఏమిటో ముక్కుసూటి గారు వివరించాలి. మైదానంలో కాళ్ళు పీకేలా నిలబడిన సైనికురాలిగా అడుగుతున్నాను.

మిక్సర్‌గది
వృత్తిరీత్యా వేదికల మీద ధ్వని వ్యవస్థను చూసుకునేవాడిని కాబట్టి, ముక్కుసూటి గారు చెప్పిన యంత్రాంగం లోపల నేనూ ఒక మరనే. ఆయన చెప్పినది చాలావరకు నిజం. అయితే ఆ యంత్రాంగం చేయలేని పని ఒకటి ఉంటుంది. దీపాలు వెలిగిన తరువాత అన్ని వేల మంది ముందు నిలబడి, గొంతు సహకరించినా సహకరించకపోయినా, ఆ రాత్రిని మోయవలసినది ఒక్కరే. జ్వరంతో పాడినవారిని చూశాను, ఆప్తులు పోయారన్న కబురు విన్న సాయంత్రం పాడినవారినీ చూశాను. అది వీరత్వమని అనను, వృత్తిధర్మం అంటాను. ఆ మాటకూ బరువు తక్కువేమీ కాదు.

అసలు వీరత్వం వెతకాలంటే 1985 జూలై 13 నాటి లైవ్ ఎయిడ్ మంచి ఉదాహరణ. ఇథియోపియా క్షామ బాధితుల కోసం లండన్‌లోని వెంబ్లీలోనూ ఫిలడెల్ఫియాలోనూ ఒకే రోజు జరిగిన ఆ కచేరీల గురించి ఎవరిని అడిగినా ముందుగా గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీని, ఆయన క్వీన్ బృందం పాడిన ఇరవై నిమిషాలను తలుచుకుంటారు. నిజానికి అందరి వెంట పడి, బతిమాలి, గదమాయించి ఆ రోజును సాధ్యం చేసినది బాబ్ గెల్డాఫ్. గాయకుడిగా ఆయన స్థాయి మెర్క్యురీ దరిదాపులలో ఉండదు. ఆ రోజు పని చేసినది ఒకరు, వీరుడిగా గుర్తుండిపోయినది ఇంకొకరు. అభిమానుల కళ్ళు ఎటు తిరుగుతాయో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

గళ్ళచొక్కా
గెల్డాఫ్‌ను కూడా అంత నిష్కళంకంగా చూపవద్దు. ఆఫ్రికా అంటే తెల్లవారు వచ్చి ఆదుకోవలసిన నిస్సహాయ ఖండమన్న భావనను ఆ ప్రచారం పాతుకుపోయేలా చేసిందని ఆఫ్రికన్ రచయితలే ఎందరో విమర్శించారు.

రాత్రిపాళీ
నేను నర్సుగా పనిచేస్తున్నాను. మెర్క్యురీ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట చెబుతాను. తనకు ఎయిడ్స్ ఉన్నదన్న ప్రకటనను ఆయన 1991 నవంబర్ 23న విడుదల చేయించారు, మర్నాడే మరణించారు. దానికి సుమారు రెండు వారాల ముందు, నవంబర్ 7న, బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు మ్యాజిక్ జాన్సన్ విలేఖరుల ముందు నిలబడి తనకు హెచ్‌ఐవీ సోకిందని చెప్పాడు. ఆ కాలంలో పనిచేసిన మా సీనియర్ల మాటల్లో ఈ రెండు పేర్లూ తరచుగా వినిపించేవి. ప్రకటన తరువాత పరీక్ష చేయించుకోవడానికి ధైర్యం చేసినవారి గురించి వాళ్ళు చెప్పేవారు.

పాతపుస్తకం గారి కొలమానం ప్రకారం జాన్సన్ చేసినది వీరోచితం, మెర్క్యురీ చేసినది కాదు అనవలసి వస్తుంది. నేను అలా అనలేను. ఏ రోగికైనా తన జబ్బును దాచుకునే హక్కు ఉంటుంది, పేరు ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదు. వీరుడిగా చూడటం మొదలుపెట్టామంటే ఆ మనిషి మంచం మీద పడి ఉన్నప్పుడు కూడా మన కోసం ఏదో ఒకటి చేయాలని ఆశిస్తాం. ఈ ఆశలో ఉన్న క్రూరత్వం నన్ను ఎక్కువగా బాధిస్తుంది.

ముక్కుసూటి
రాత్రిపాళీ గారు తెలియకుండానే నా పక్షాన మాట్లాడారు. పాప్ తారలను వీరులుగా చూడకపోవడం వారికి కూడా మేలు.

రాత్రిపాళీ
తెలిసే మాట్లాడాను. అయితే మీ పక్షాన అని మాత్రం అనుకోలేదు.

నిశిత
పాతపుస్తకం గారు నష్టాన్ని కొలమానంగా పెట్టారు కాబట్టి, నష్టపోయిన పాప్ తారనే తీసుకుందాం. ఐర్లండ్ గాయని షినేడ్ ఓకానర్ 1990లో ప్రపంచమంతటా మొదటి స్థానంలో నిలిచిన పాటతో శిఖరం మీద ఉంది. 1992 అక్టోబర్ 3న అమెరికన్ టెలివిజన్ ప్రత్యక్ష ప్రసారంలో జమైకా గాయకుడు బాబ్ మార్లే పాట ఒకదాన్ని వాద్యాలేవీ లేకుండా పాడుతూ, అందులో పిల్లల మీద అత్యాచారాల ప్రస్తావన చేర్చి, చివర పోప్ రెండవ జాన్ పాల్ ఫొటోను చించివేసింది. రెండు వారాలైనా గడవకముందే న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బాబ్ డిలన్ గౌరవార్థం జరిగిన కచేరీలో ఆమె మైకు ముందుకు రాగానే ప్రేక్షకులు పెద్దపెట్టున గేలి చేశారు. పాడవలసిన పాటను వదిలి, టెలివిజన్‌లో పాడిన ఆ మార్లే పాటనే గొంతెత్తి అరిచినట్లు పాడి ఆమె వేదిక దిగింది. ఆమె రికార్డులను రోడ్డు మీద పోసి రోలరుతో తొక్కించినవారు కూడా ఉన్నారు.

2009లో ఐర్లండ్ విచారణ సంఘం కాథలిక్ సంస్థల ఆధ్వర్యంలోని బాలల ఆశ్రమాలలో దశాబ్దాల పాటు జరిగిన హింసను సవివరంగా నమోదు చేసింది. 2023 జూలైలో ఆమె చనిపోయాక, అప్పట్లో గేలి చేసిన పత్రికలే ఆమెను ధీరవనితగా కీర్తించాయి. నేను గమనించినది ఏమిటంటే, పాప్ తార నిజంగా వీరోచితమైన పని చేసిన రోజున అభిమానులు ఆమెను వీరురాలిగా చూడరు. అభిమానులు వీరురాలిగా చూస్తున్న రోజున ఆమె సాధారణంగా పాట పాడుతూ ఉంటుంది.

చిన్నగీత
నిశిత గారి ఆఖరి వాక్యాన్ని ఈ వేదిక గోడకు అతికించాలి. అభిమానుల పుట్టినరోజు వేడుకలకు మాత్రం పనికిరాదు.

స్వరలయ
ఓకానర్ విషయంలో ఒక చిక్కు ఉన్నది. ఆ పాట మొదటి స్థానానికి చేరడమే తనను దారి తప్పించిందనీ, ఫొటో చించడం తిరిగి సరైన దారిలో పెట్టిందనీ ఆమె తన ఆత్మకథలో రాసుకుంది. అంటే ఆమె లెక్కలో అది నష్టమే కాదు. అప్పుడు పాతపుస్తకం గారి కొలమానం ఆమెకు వర్తిస్తుందా, వర్తించదా?

పాతపుస్తకం
వర్తిస్తుంది. తనకు వచ్చిన నష్టాన్ని నష్టంగా ఎంచకపోవడం వల్ల అది తగ్గదు, ఆ మనిషి స్థాయి పెరుగుతుంది.

నిజానికి నా కొలమానానికి ఆమె కంటే బాగా సరిపోయే పాప్ గాయని ఒకరు ఉన్నారు. దక్షిణాఫ్రికాకు చెందిన మిరియం మకేబా 1963లో ఐక్యరాజ్యసమితి సంఘం ముందు వర్ణవివక్షకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినందుకు స్వదేశం ఆమె పౌరసత్వాన్ని రద్దు చేసి, రికార్డులను నిషేధించింది. తరువాత నల్లజాతి ఉద్యమ నాయకుడు స్టోక్లీ కార్మైకేల్‌ను 1968లో పెళ్ళాడితే అమెరికాలోనూ కచేరీలు, రికార్డింగ్ ఒప్పందాలు రద్దయ్యాయి. ఆమె తిరిగి తన నేల మీద అడుగు పెట్టగలిగినది 1990లో. ఇంత జరిగినా ఆమెను జనం గుర్తుపెట్టుకున్నది ఎక్కువగా నృత్యం చేయించే ఒక హుషారు పాట వల్లనే. నేను పాప్ సంగీతానికి వ్యతిరేకిని కానని ఇప్పటికైనా స్పష్టమయ్యే ఉంటుంది.

రాత్రిబడి
నేను కౌమార వయసు పిల్లలకు పాఠాలు చెబుతాను. ఇప్పటివరకు ఈ చర్చ అంతా తార ఎవరు, ఏం చేసింది అన్నదాని చుట్టూ తిరిగింది. చూసేవారి వైపు నుంచి ఎవరూ మాట్లాడలేదు.

టెలివిజన్ కొత్తగా వచ్చిన కాలంలో, 1956లో, డోనల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు తెర మీద కనిపించే వ్యక్తితో ప్రేక్షకుడు ఏకపక్షంగా పెంచుకునే స్నేహం గురించి రాశారు. అది ఏకపక్షం కాబట్టి మోసమని పెద్దలు తేల్చేస్తారు. నా తరగతిలో నేను గమనించినది కొంత వేరుగా ఉంది. పిల్లలు తారను మొత్తంగా మింగరు, తమకు కావలసిన ఒక్క గుణాన్ని ఎంచుకుంటారు. దక్షిణ కొరియా పాప్ బృందం బీటీఎస్ అంటే ప్రాణం పెట్టే ఒక అమ్మాయిని వాళ్ళలో నీకు నచ్చినది ఏమిటని అడిగితే, ఏడుగురూ ఇన్నేళ్ళు విడిపోకుండా ఉండటమని చెప్పింది. ఆ అమ్మాయి ఇంటి పరిస్థితి తెలిసిన నాకు ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో వెంటనే అర్థమైంది. పాటలు, రంగు జుట్టు, నృత్యం అన్నీ ఆ ఒక్క అవసరం చుట్టూ పేర్చుకున్నవే.

అభిమానం పనిగా మారడం కూడా చూస్తున్నాం. 2020 జూన్‌లో బీటీఎస్ బృందం, వారి సంస్థ కలిసి అమెరికాలోని నల్లజాతీయుల ఉద్యమానికి 10 లక్షల డాలర్లు ఇచ్చిన సంగతి బయటికి రాగానే, అభిమానులు సుమారు ఒక్క రోజులో అంతే మొత్తాన్ని తమలో తాము పోగు చేశారు. వీరుడిని చూసి ఊరుకున్నవారికీ, చూసి కదిలినవారికీ తేడా చూడాలి.

ముక్కుసూటి
కదలడం ఎప్పుడూ మంచి వైపే జరుగుతుందని ఎవరు హామీ ఇస్తారు? 2009 ఫిబ్రవరిలో క్రిస్ బ్రౌన్ అనే గాయకుడు రిహానాను తీవ్రంగా కొట్టాడు, న్యాయస్థానంలో నేరం ఒప్పుకున్నాడు. ఆ సమయంలో బోస్టన్ నగర ప్రజారోగ్య విభాగం 200 మంది యువజనులను ప్రశ్నిస్తే, దాదాపు సగం మంది తప్పు రిహానాదేనన్నారు. దెబ్బలు తిన్న ముఖం ఫొటో లోకమంతా చూసిన తరువాతి మాట ఇది. తన వీరుడు అలాంటివాడు కాడన్న నమ్మకం కళ్ళను కూడా ఓడించగలదు.

మైకేల్ జాక్సన్ విషయం మరీ క్లిష్టం. 2005లో జ్యూరీ ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టింది. 2019లో ఇద్దరు వ్యక్తులు బాల్యంలో తమపై జరిగిన అత్యాచారాల గురించి ఒక డాక్యుమెంటరీలో వివరంగా చెప్పారు. నిజం ఏదో ఇక్కడ తేల్చే అర్హత నాకు లేదు. అయితే ఆ ఇద్దరి మాటలు వినకముందే వారిని అబద్ధాలకోరులని తిట్టిపోసినవారు, ఒక గాయకుడిని ఇష్టపడినందువల్ల అలా చేశారా, లేక ఒక వీరుడిని కాపాడుకోవడానికి చేశారా? పాటను ఇష్టపడేవారికి పాట మిగిలే ఉంటుంది. వీరుడిని నమ్మినవారికి మాత్రం అంతా కూలిపోతుంది, అందుకే అంత పగ.

నిర్వాహకుడు
జాక్సన్ విషయమై ఒకరినొకరు దూషించుకున్న నాలుగు సమాధానాలను తొలగించాము. ముక్కుసూటి గారి వాదనకు నిదర్శనాలు చూపించవలసిన బాధ్యతను సభ్యులు అంత శ్రద్ధగా తీసుకోనవసరం లేదు.

చిన్నగీత
ఈ చర్చలో ఇప్పటివరకు వచ్చిన ఉత్తమ సమాధానం నిర్వాహకులదే.

స్వరలయ
ముక్కుసూటి గారు చెప్పిన పగను నేను కాదనను. దానికి ఎదురు ఉదాహరణ కూడా ఉన్నది. బ్రిట్నీ స్పియర్స్ 2008 నుంచి 2021 నవంబర్ వరకు న్యాయస్థానం నియమించిన సంరక్షకత్వం కింద బతికింది. ఆ కాలంలోనే ఆల్బమ్‌లు విడుదల చేసింది, లాస్ వేగస్‌లో ఏళ్ళ తరబడి ప్రదర్శనలు ఇచ్చింది, కోట్లు సంపాదించింది. తన డబ్బు మీద, వైద్యం మీద, రోజువారీ నిర్ణయాల మీద మాత్రం ఆమెకు అధికారం లేదు. ఏదో తేడా ఉన్నదని గుర్తించి, న్యాయస్థానం బయట అట్టముక్కలు పట్టుకుని నిలబడి, లోకం వెర్రివాళ్ళని నవ్వినా వదలనివారు అభిమానులు. 2021 జూన్‌లో ఆమె స్వయంగా న్యాయమూర్తికి తన గోడు చెప్పుకున్న తరువాత గాని మిగతావారు నమ్మలేదు. ఇక్కడ ఎవరు ఎవరికి వీరులు?

నిశిత
వారు ఆమెను వీరురాలిగా కాక, చిక్కుకుపోయిన మనిషిగా చూశారు కాబట్టే అది సాధ్యమైంది. వీరురాలిగా చూసి ఉంటే, అంత ధీరవనితకు అన్యాయం ఎవరు చేయగలరని ఊరుకునేవారు.

స్వరలయ
ఆ మాట అక్కడ నిలబడినవారిని అడిగి చెప్పాలి. నాకు తెలిసి వారిలో చాలామందికి ఆమె రెండూను.

గళ్ళచొక్కా
తమ హక్కుల కోసం పోరాడిన తారల మాట ఎవరూ ఎత్తలేదు. అమెరికన్ గాయకుడు ప్రిన్స్ 1993లో రికార్డు కంపెనీతో తగవు పడి తన పేరునే ఒక గుర్తుగా మార్చుకున్నాడు, చెంప మీద బానిస అని రాసుకుని వేదిక ఎక్కాడు. టేలర్ స్విఫ్ట్ పాత ఆల్బమ్‌ల మాస్టర్ రికార్డింగ్‌లు 2019లో చేతులు మారితే, 2021 నుంచి వాటిని మళ్ళీ కొత్తగా పాడి విడుదల చేసి, చివరికి 2025లో అసలువాటినీ కొనుక్కుంది.

పాతపుస్తకం
తన ఆస్తి కోసం తాను పోరాడటాన్ని న్యాయమైన పని అంటాను, తెలివైన పని అని కూడా అంటాను. అంతకు మించి పిలవను. బుస్సా పేరున్న జాబితాను ఎదురుగా పెట్టుకుని చూసినప్పుడు, ప్రిన్స్ చెంప మీద రాసుకున్న ఆ పదం నాకు ఎబ్బెట్టుగానే ఉంటుంది.

స్విఫ్ట్ చేసిన పనులలో నాకు గౌరవం ఉన్నది వేరొకటి. తనను అసభ్యంగా తాకాడని ఒక రేడియో వ్యాఖ్యాత మీద ఆమె ఫిర్యాదు చేస్తే, ఉద్యోగం పోయిందని అతడే ఆమె మీద దావా వేశాడు. ఆమె ఎదురుదావా వేసి, నష్టపరిహారంగా ఒక్క డాలరు అడిగి, 2017 ఆగస్టులో డెన్వర్ జ్యూరీ ముందు గెలిచింది. న్యాయవాదులకు ఫీజు కట్టలేని ఎందరో స్త్రీలు ఆ సాక్ష్యం తమ కోసం కూడా చెప్పినదిగా భావించి ఉంటారు.

మిక్సర్‌గది
కంపెనీతో తగవు అంటే జార్జ్ మైకేల్‌ను కూడా చెప్పుకోవాలి. సోనీ మీద వేసిన దావాలో 1994లో ఓడిపోయాడు. అయితే నేను ఆయన పేరు ఎత్తినది అందుకు కాదు. 2016 డిసెంబర్ 25న ఆయన మరణించాక, ఎవరెవరికో రహస్యంగా ఇచ్చిన డబ్బు, చేసిన సాయం ఒకటొకటిగా బయటపడ్డాయి. సాయం పొందిన సంస్థలు తమకు విధించిన షరతు అదేనని, ఎవరికీ చెప్పవద్దన్నారని వెల్లడించాయి. బతికి ఉన్నన్నాళ్ళూ పత్రికలు ఆయన అరెస్టుల గురించే రాశాయి.

చిన్నగీత
కాబట్టి మనకు తెలిసినవారు వీరులు కారు, వీరులైనవారు మనకు తెలియరు. ఇక టికెట్లు ఎవరికి కొనాలో కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

నిశిత
నా ముందు సమాధానానికి మినహాయింపు ఒకటి నాకే తట్టింది, దాన్ని కూడా పరీక్షకు పెడుతున్నాను. 2017 మే 22న మాంచెస్టర్‌లో ఆరియానా గ్రాండే కచేరీ ముగిసి జనం బయటికి వస్తున్న సమయంలో బాంబు పేలి 22 మంది చనిపోయారు. వారిలో పిల్లలు ఉన్నారు. ఆమె వయసు అప్పటికి 23. ఇంటికి వెళ్ళిపోయి మరి రాకపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కారు. రెండు వారాలు తిరగకముందే వచ్చి, గాయపడినవారిని ఆసుపత్రిలో పలకరించి, జూన్ 4న ఓల్డ్ ట్రాఫర్డ్ క్రికెట్ మైదానంలో బాధితుల సహాయార్థం కచేరీ చేసింది. ముందు రోజు రాత్రే లండన్ బ్రిడ్జి మీద మరొక దాడి జరిగింది, అయినా కచేరీని ఆపలేదు. ఇక్కడ భయపడటానికి కారణం ఉన్నది, తప్పుకోవడానికి దారి ఉన్నది, వచ్చిన మనిషిని ఆ క్షణంలోనే జనం గుర్తించారు కూడా.

రాత్రిపాళీ
ఆ రాత్రి వీరులెవరని అడిగితే, పేలుడు జరిగిన చోటికి పరుగెత్తుకు వెళ్ళి చేతికందిన గుడ్డతో రక్తం ఆపిన మామూలు మనుషులనీ, తెల్లవార్లూ శస్త్రచికిత్సలు చేసినవారినీ చెబుతాను. ఆ వరుసలో గాయనిని నిలబెట్టను.

అయితే రెండు వారాల తరువాత ఆమె చేసిన పనిని మా వృత్తివారు ఎవరూ చేయలేరు. మేము ఒక్కొక్క గాయాన్ని మాన్పగలం. పిల్లలు మళ్ళీ గుంపుగా ఒక మైదానానికి రావడానికి భయపడుతున్నప్పుడు, రండి అని పిలిస్తే నమ్మి వచ్చే గొంతు ఆమెది. ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందంటే, ముక్కుసూటి గారికి నచ్చని ఆ బింబం నుంచి, ఆ ఫొటోల నుంచి, ఆ గోడ మీది పోస్టర్ల నుంచే వచ్చింది.

ముక్కుసూటి
పిలిస్తే వచ్చే జనం ఉండటం ఒక శక్తి అని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ శక్తిని మంచికి వాడిన రోజున ఆ పనిని మెచ్చుకుంటాను. బిరుదు మాత్రం మనిషి పోయిన తరువాతనే ఇవ్వాలి, ఎందుకంటే బతికి ఉన్న వీరులకు ఇంకా తప్పులు చేసే వ్యవధి ఉంటుంది. 33 ఏళ్ళ మనిషికి ఇచ్చేయడం తొందరపాటు.

గళ్ళచొక్కా
జమైకా మీ సలహానే పాటిస్తున్నది. 1976 డిసెంబర్ 3న ఇంట్లోకి చొరబడిన దుండగులు బాబ్ మార్లే మీద కాల్పులు జరిపారు, ఛాతీకి, చేతికి గాయాలైనా రెండు రోజులకే ఆయన వేదిక ఎక్కి పాడాడు. 1978లో పరస్పరం కత్తులు నూరుకుంటున్న రెండు పార్టీల నాయకుల చేతులను వేదిక మీద తానే కలిపాడు. 1981లో మరణించాడు. పాతపుస్తకం గారు అడిగిన ప్రాణాపాయం ఉన్నది, మీరు అడిగిన మరణమూ జరిగింది. ఆ దేశం ఆయనకు వేరే పురస్కారం ఇచ్చింది గాని, ఎంతమంది ఎన్నిసార్లు కోరినా జాతీయ వీరుల జాబితాలో ఆ పేరు నేటికీ చేర్చలేదు. ఇంకా ఎన్నేళ్ళు ఆగమంటారు?

ముక్కుసూటి
మార్లేను చేర్చమని మీరు అర్జీ రాస్తే నేనూ సంతకం పెడతాను. రిహానా విషయంలో నా అభిప్రాయం అలాగే ఉన్నది.